పది ఇరవైకి ఆగిపోయే పెట్టె

ఆ రోజు ఉదయం కంగారమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. చంటోడికి తొమ్మిదింటికి స్నానం, తొమ్మిదిన్నరకి పాలు, పదింటికి నిద్ర. వాడు కళ్ళు మూయగానే హోమ్ థియేటర్ ఆన్ చేసి, అందులో ఎవరో ఒకరు మాట్లాడుతుంటే తాను తల దువ్వుకోవాలి. తల దువ్వుకుని మూడు రోజులైంది. తీరిక లేక కొంత. చప్పుడు లేని ఇంట్లో అద్దం ముందు నిలబడటం ఇష్టం లేక కొంత.

కంగారమ్మ ఆమె అసలు పేరు కాదు. పెళ్ళయిన వారంలోనే, స్టవ్ కట్టేశానో లేదో అని బస్టాపు నుంచి మూడుసార్లు ఇంటికి పరిగెత్తినందుకు మొగుడు పెట్టిన పేరు. పెట్టినవాడు ఓడలో ఇంజను గది పనికి వెళ్ళి నాలుగు నెలలైంది. పేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కొత్త ఊరు, మూడో అంతస్తు, రెండు గదులు, ఎనిమిది నెలల పిల్లాడు. ఎదురు ఫ్లాటుకి ఎప్పుడూ తాళమే. పై ఫ్లాటులో మనుషులున్నారని, అప్పుడప్పుడు కుర్చీ జరిపిన చప్పుడును బట్టి అనుకోవడమే.

వెళ్ళేముందు ఆయన హోమ్ థియేటర్‌ను ఆమెకు అప్పగించాడు. "ఇదిగో, ఈ నల్ల పెట్టె రిసీవరు. టీవీలో మాటంతా ముందు దీంట్లోకొస్తుంది. ఇది ఐదు స్పీకర్లకీ పంచిపెడుతుంది. ఇది ఆగితే టీవీకి బొమ్మే గానీ నోరుండదు. నువ్వేం భయపడకు" అన్నాడు. ఆ చివరి మాట అనకపోతే ఆమె నిజంగానే భయపడేది కాదు.

అప్పట్నుంచీ ఆ పెట్టే ఆమెకు తోడు. వార్తలు, వంటలు, తనకు ఒక్క ముక్క అర్థం కాని ఆటల వ్యాఖ్యానం, సముద్రం అడుగున గుడ్లు పెట్టే చేపల సంగతి, ఏదైనా సరే. వెనక స్పీకరులోంచి ఎవరో దగ్గితే చాలు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అనిపించేది. ఒకసారి వార్తలు చదివే ఆవిడ "నమస్కారం" అంటే, గిన్నెలు తోముతూ "నమస్కారమండీ" అనేసి, తరవాత తనలో తానే సిగ్గుపడింది.

చంటోడు పాకడం నేర్చుకున్న వారం కంగారమ్మకు చేతినిండా పని దొరికింది. బల్ల మూలలన్నిటికీ స్పాంజి ముక్కలు కట్టింది. ప్లగ్గు కన్నాలకు టేపు వేసింది. నల్ల పెట్టె పైన, పక్కన సన్నటి చీలికలుంటే, వాడు వేలు పెట్టేస్తాడని వాటిలోనూ స్పాంజి కుక్కి, పైన టేపు అంటించింది. ఫొటో తీసి ఓడకు పంపితే, రెండు రోజులకు జవాబు వచ్చింది. "అది ఇల్లా, పార్సిల్ ఆఫీసా?" దాంతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు ఆ స్పాంజులన్నీ ఊడదీసి బీరువాలో దాచడం, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ కుక్కడం అలవాటు చేసుకుంది. ఇంటికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు కాబట్టి ఆ శ్రమ పెద్దగా ఉండేది కాదు.

సరే, పథకం ప్రకారం చంటోడు పదింటికి పడుకున్నాడు. పెట్టె పలికింది. దువ్వెన దొరికేసరికి పావుగంట పట్టింది. పాయ తీసి రెండుసార్లు దువ్విందో లేదో, ఈ మధ్య రోజూ చేస్తున్నట్టే పెట్టె టక్కున ఆగిపోయింది. ముందు భాగంలో ఎర్ర దీపం మిణుకు మిణుకు మంటోంది. టీవీలో వంటలావిడ గరిటె ఊపుతూ నోరు కదుపుతోంది, మాట లేదు. అదే క్షణంలో ఫోను మోగింది. టైము పది ఇరవై. అత్తగారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. బస్సులో నాలుగు గంటల దూరంలో, ఒక అద్దె వాటాలో ఒక్కతే ఉంటుంది. రోజూ పది ఇరవైకి ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఫోను చేస్తుంది. మూడు నిమిషాలకింతని లెక్క కట్టే ట్రంకు కాల్స్ రోజుల అలవాటు, ఏ కాలూ మూడు నిమిషాలు దాటనివ్వదు.

"ఏం చేస్తున్నాడే వాడు?"

"పడుకున్నాడు అత్తయ్యా."

"పళ్ళొచ్చాయా?"

"ఇంకా లేదు అత్తయ్యా."

"జలుబూ గిలుబూ?"

"ఏం లేదు."

"సరే. మూడు నిమిషాలైంది. ఉంటా."

ప్రతి కాలులోనూ కంగారమ్మ ఒక మాట సిద్ధం చేసుకునేది: "మీరొకసారి వచ్చి నాలుగు రోజులు ఉండకూడదూ?" ముందు సిద్ధపడటానికి ఒక నిమిషం, "రావాలనుంటే ఆవిడే వస్తుంది కదా, నేను అడిగితే ఇబ్బంది పడి వస్తుందేమో" అని సందేహించడానికి ఇంకో నిమిషం పోయేది. మూడోది చంటోడి పళ్ళకి పోయేది. నాలుగు నెలలుగా ఆ మాట గొంతు దాటలేదు. రోజంతా మాట్లాడే పెట్టె కూడా ఆగిపోతే ఇక ఈ ఇంట్లో తాను ఎవరి గొంతు వినాలి? ఆ భయంతోనే కంపెనీకి ఫోను చేసింది.

కస్టమర్ కేర్ అమ్మాయి గొంతు తేనెలా ఉంది. "మేడమ్, ఆగిపోయిన ప్రతిసారీ టైమూ, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో ఒక పుస్తకంలో రాయండి. ఏదీ వదలొద్దు."

"అన్నీ రాయాలా?"

"అన్నీ మేడమ్. దేనివల్ల ఆగుతోందో మనకి తెలీదు కదా."

తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక, అన్నీ రాయమని కంగారమ్మను ఎవరూ అడగలేదు. పాల లెక్క పుస్తకాన్ని వెనక్కి తిప్పి, ఎంతో శ్రద్ధగా మొదలుపెట్టింది.

"మంగళవారం 10.20. చంటోడు పడుకున్నాడు. అత్తయ్య ఫోను. పళ్ళొచ్చాయా అంది. లేదన్నాను. ఆగిపోయింది."

"మంగళవారం 4.00. అత్తయ్య ఫోను. జలుబా అంది. నాకే అన్నాను. వాడికి అంటించకు అంది. ఆగిపోయింది."

"బుధవారం 12.10. ఎవరూ ఫోను చెయ్యలేదు. పైన కుర్చీ జరిగింది. ఆగిపోయింది."

మెకానిక్ వచ్చాడు. అతను లిఫ్టు ఎక్కేలోపే స్పాంజులు బీరువాలోకి వెళ్ళాయి. పెట్టె గంటసేపు గణగణలాడుతూ పలికింది. అతను వెళ్ళాడు, స్పాంజులు వచ్చాయి, పెట్టె ఆగింది. కంగారమ్మ మళ్ళీ పిలిచింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పలికింది.

"నేనుంటే ఆగడం లేదు మేడమ్" అన్నాడతను తల గోక్కుంటూ.

"అయితే ఉండిపోండి" అనేసి కంగారమ్మ నాలిక కరుచుకుంది. "అంటే... ఇంకో పావుగంట."

చివరికి ఆ పుస్తకంలో రాసిందంతా ఫోనులో చదివించుకుని, కస్టమర్ కేర్ అమ్మాయి పై ఆఫీసుకు పంపింది. అక్కడ ఒక పెద్ద ఇంజనీరు దాన్ని రెండు రోజులు కూర్చుని చదివాడట.

"మేడమ్, ఒక విషయం తేలింది. పద్నాలుగుసార్లు ఆగితే, పదకొండుసార్లు మీ అత్తగారు ఫోన్లో ఉన్నారు."

"అయ్యో, ఆవిడ కావాలని చెయ్యదండీ!"

"అది కాదు మేడమ్. ఆవిడ గొంతు గట్టిదా?"

"గట్టిదే. ఎక్స్ఛేంజీలో పని చేశారు కదా."

అటునుంచి కీబోర్డు టకటకలాడింది. "గొంతు గట్టిది, అని రాస్తున్నాను."

"వద్దండీ, రాయకండి!"

"రాసేశాను మేడమ్. ఆవిడ నంబరు ఒకసారి ఇస్తారా? రెండు రోజులు ఫోన్ చెయ్యకుండా ఉండమని మేమే మర్యాదగా చెప్తాం."

మర్యాద అన్న మాట విని కంగారమ్మ నంబరు ఇచ్చేసింది. ఆ సాయంత్రం నాలుగింటికి ఫోను మోగలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి. నాలుగూ రెండుకి మోగింది.

"నా గొంతు వల్ల మీ పెట్టె ఆగిపోతోందట?"

"అత్తయ్యా, నేనలా అనలేదు, వాళ్ళే..."

"ముప్ఫై ఒక్క ఏళ్ళమ్మాయ్! గాలివానల్లో లైన్లు కలిపాను. ఎందరి పెళ్ళి కబుర్లో, ఎందరి చావు కబుర్లో నా గొంతు మీంచే వెళ్ళాయి. ఒక్క లైను తెగిందని ఎవడూ అనలేదు. ఇప్పుడొక డబ్బా అంటుందా? రేపు పొద్దున బస్సుకి వస్తున్నా. దాని ఎదురుగా నిలబడి మాట్లాడతా. ఆగమను, చూస్తాను!"

ఫోను ఒక నిమిషంలోనే పెట్టేసింది. కంగారమ్మకు భయం వేసింది, అది మామూలే. ఆ భయం అడుగున ఇంకొకటేదో ఉంది. దానికి ఏ పేరు పెట్టాలో తెలియక పుస్తకంలో రాయలేదు.

అత్తగారు చిన్న సంచీతో దిగింది. అందులో రెండు జతల బట్టలకే చోటుంది. ఆవిడ వస్తోందని స్పాంజులు పొద్దున్నే బీరువా చేరాయి. మెకానిక్ కూడా వచ్చి, పెద్ద ఇంజనీరును ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద కూర్చోబెట్టాడు. అత్తగారు మనవణ్ణి ఒకసారి ముద్దు పెట్టుకుని, కోడలికి అప్పగించి, కొంగు దోపి, కళ్ళజోడు సవరించుకుని, నల్ల పెట్టె ముందు నిలబడింది.

"హలో! నంబరు ప్లీజ్! లైన్లో ఉండండి! మాట్లాడండి, మాట్లాడండి!"

పైన కుర్చీ జరిగింది. చంటోడు కెవ్వుమన్నాడు. పెట్టె మాత్రం నిక్షేపంగా పలుకుతోంది.

"చూశావా బాబూ!"

"అలా కాదమ్మా" అంది బల్ల మీది ఇంజనీరు గొంతు. "మీ మాట ఫోన్లోంచి రావాలి. బయటికెళ్ళి చెయ్యండి. పావుగంట ఆపకుండా మాట్లాడాలి."

అత్తగారు మూడంతస్తులు దిగి, వీధి మొగలో మందుల షాపు పక్కన నిలబడి ఫోను చేసింది. కంగారమ్మ ఒక చంకలో చంటోణ్ణి పెట్టుకుని, ఇంకో చేత్తో ఫోనును స్పీకరులో పెట్టి నల్ల పెట్టె దగ్గర పట్టుకుంది. మధ్యలో మెకానిక్ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

"వాడేం చేస్తున్నాడే?"

"నా చంకలో ఉన్నాడు అత్తయ్యా. మీరు ఇప్పుడే కదా చూశారు."

"పళ్ళు?"

"రాలేదు."

"జలుబు?"

"లేదు."

ఇద్దరూ ఆగిపోయారు. నిమిషం కూడా కాలేదు.

"మాట్లాడండమ్మా, ఆపకూడదు" అన్నాడు మెకానిక్.

"ఏం మాట్లాడను బాబూ, అన్నీ అడిగేశాగా" అంది అత్తగారు. కాసేపు లైనులో బస్సు హారను వినిపించింది. తరవాత ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "నువ్వు తిన్నావా పొద్దున్న?"

ఆ ప్రశ్న నాలుగు నెలల్లో ఎవరూ అడగలేదు.

"తిన్నాను... లేదు. సగం తిన్నాను. వాడు లేచాడు."

"ఇందాక చూశా, తలేంటే అలా ఉంది?"

"దువ్వుకుందామనుకుంటున్నాను అత్తయ్యా. పెట్టె ఆగిపోతే, దువ్వుకోబుద్ధి కావట్లేదు."

"పెట్టెకీ తలకీ ఏమిటే సంబంధం?"

"ఎవరూ మాట్లాడకపోతే... భయంగా ఉంటుంది."

మెకానిక్ గడియారం చూడటం మానేసి, గోడకున్న మేకును పరిశీలించసాగాడు. లైనులో బస్సులు వెళ్తున్నాయి, వస్తున్నాయి. అత్తగారు తన వాటా పక్కనున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయిన సంగతి చెప్పింది. తాను టీవీ పెట్టదట, కళ్ళు మంటలట. పది ఇరవై కోసం తొమ్మిదింటి నుంచే ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటుందట. కంగారమ్మ "నిజంగానా అత్తయ్యా?" అంది. పదిహేను నిమిషాలు ఎప్పుడైపోయాయో తెలియలేదు. ముప్ఫై నిమిషాలు దాటాక ఇంజనీరే అడ్డొచ్చాడు.

"ఆగలేదు కదా. దూరం చాలలేదు. అమ్మగారు రేపు వాళ్ళ ఊరు వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి చెయ్యాలి. అదే అసలైన పరీక్ష."

"అలాగే" అంది అత్తగారు. "పొద్దున బస్సుకే వెళ్తా. పిలవని పేరంటానికొచ్చి కూర్చునే అలవాటు నాకు లేదు."

కంగారమ్మ నోరు తెరిచింది. చంటోడు అప్పుడే ఆమె ముక్కు పట్టుకుని లాగాడు. మాట అక్కడే ఆగిపోయింది.

మెకానిక్ వెళ్ళాక, అత్తగారు వంటింట్లో ఉండగా, చంటోడు పాకుతున్నాడని, అలవాటు కొద్దీ స్పాంజులన్నీ యథాస్థానాల్లోకి చేరాయి. సాయంత్రం అయిదింటికి కంగారమ్మ పెట్టె ఆన్ చేసింది. అత్తగారు చంటోడి బట్టలు మడతపెడుతూ సోఫాలో కూర్చుంది. రేపటి ప్రయాణం ముందు ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. అయిదు ఇరవై అయింది. టక్.

అత్తగారు ఎగిరి గంతేసినంత పని చేసింది. "చూశావా! చూశావటే! నేను నోరు తెరిచానా? పెదవి కదిపానా?" అంటూ వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. "అమ్మో! పెనంలా కాలిపోతోంది. ఇదేమిటే, దీనికీ టేపూ?"

"వాడు వేలు పెడతాడని..."

అత్తగారు టేపు పీకింది. స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే లాగింది. తొమ్మిది ముక్కలు వచ్చాయి.

"దీనికి ఊపిరాడకుండా చేసి, ఆగిపోతోందంటావేం! పదింటికి పెడతావు, పది ఇరవైకి ఉడికిపోతుంది. నేను పది ఇరవైకే ఫోను చేస్తాను, నాలుగింటి సంగతీ అంతే. దొరికింది దొంగ అని నన్ను పట్టుకున్నారు మీరంతా!"

కంగారమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "మరి మెకానిక్ వచ్చినప్పుడు ఆగలేదేం?"

"అప్పుడు తీసేస్తావా?"

"ఇల్లు పార్సిల్ ఆఫీసులా ఉందని మీ అబ్బాయి అన్నారు అత్తయ్యా."

అత్తగారు నవ్వింది. ఎంతగా అంటే, చంటోడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఏదీ, ఆ పుస్తకం తే. నా గొంతు గురించి ఏం రాశావో చూస్తా" అంది.

ఇచ్చింది. అత్తగారు మొదటి పేజీ నవ్వుతూనే చదివింది. రెండోది నెమ్మదిగా. మూడో పేజీలో ఇలా ఉంది: "శనివారం 4.00. అత్తయ్య ఫోను. వాడు బాగున్నాడు అన్నాను. నా సంగతి చెబుదామనుకున్నాను. మూడు నిమిషాలైంది. ఆగిపోయింది." అత్తగారు ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చుగా?"

"మీకు పనుంటుందేమోనని."

"నాకేం పనే? నీకే పసిపిల్లాడితో తీరదనీ, ఎక్కువసేపు పట్టుకుంటే విసుక్కుంటావనీ పెట్టేస్తున్నా" అంది అత్తగారు. పుస్తకం మూసి, నల్ల పెట్టె ఎత్తుకెళ్ళి చంటోడికి అందకుండా బీరువా మీద పెట్టింది. తీగలు పీకేసి పెట్టింది కాబట్టి అది పలకలేదు. ఆ సాయంత్రం దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు కూడా.

తెల్లవారింది. నిజం చెప్పేస్తే ఫిర్యాదు తీరిపోతుంది. అత్తయ్య సంచీ పట్టుకుని బస్సెక్కుతుంది. పెట్టె మాత్రం రోజంతా ఆగకుండా మాట్లాడుతుంది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే కదా అని కంగారమ్మ తనకు తాను చెప్పుకుంది. నమ్మలేదు.

తొమ్మిదింటికి మెకానిక్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, బస్సు టైమైందా? పరీక్షకి అంతా సిద్ధం చేశాను."

"పరీక్ష అక్కర్లేదు బాబూ. నిన్న సాయంత్రం అయిదు ఇరవైకి ఆగిపోయింది. కారణం తేలిపోయింది" అంది అత్తగారు.

"ఏమిటమ్మా?"

"నా గొంతే."

కంగారమ్మ చేతిలో చెంచా కింద పడింది. అత్తగారు అటు చూడలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. దూరాన్నుంచి ఫోనులో వస్తే ఆ గొంతు ఏ పెట్టే తట్టుకోలేదు. రాసుకో."

మెకానిక్ ఇబ్బందిగా నవ్వాడు. "అయితే మీరు దూరాన్నుంచి ఫోన్ చెయ్యకూడదమ్మా."

"చెయ్యకపోతే నా మనవడి సంగతి నాకెలా తెలుస్తుంది?"

"మరి... దగ్గరే ఉంటే..."

"ఆ మాట నేననలేదు, నువ్వన్నావు. నోటితో అంటే మా అబ్బాయి నమ్మడు, కాగితం మీద కంపెనీ ముద్ర ఉండాలి. ఏమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

"ఉండండి అత్తయ్యా" అంది కంగారమ్మ. నాలుగు నెలల మాట రెండు ముక్కల్లో బయటికొచ్చింది. మిగతాది ఏడుపులో పోయింది.

మెకానిక్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కలం తీసి, "లోపానికి కారణం" అన్న గడిలో "అత్తగారు" అని, "పరిష్కారం" అన్న గడిలో "ఇక్కడే అమర్చడమైనది" అని రాసి ముద్ర వేశాడు.